‘సార్, రెండు పర్సెంటే కదా!’: యూనివర్సిటీ అధ్యాపకులకు కష్టమైన మాటలు ఎక్కడ చేయి దాటిపోతున్నాయి?

అటెండెన్స్ లిస్టు నోటీసు బోర్డు ఎక్కిన రోజు ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్ ముందైనా విద్యార్థులు వరస కడతారు. ‘సార్, రెండు పర్సెంటే కదా, ఎట్లనన్న చేయండి సార్.’ లోపల కూర్చున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఆ రెండు శాతం ఇచ్చే అధికారం లేదు. అయినా మొహం మీద కాదనలేక ‘చూద్దాంలే, హెచ్‌ఓడీ గారితో మాట్లాడతా’ అంటారు. వారం తర్వాత కుర్రాడు డిటైన్ అవుతాడు, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలకు కూర్చోనివ్వరు. అప్పుడు వాడి కోపం యూనివర్సిటీ రూల్ మీద ఉండదు, ‘చూద్దాం’ అన్న సార్ మీద ఉంటుంది.

ఇలాంటి సందర్భాల గురించి అధ్యాపకులకు అందే సలహాలు ఎక్కువగా మాటతీరు చుట్టూనే తిరుగుతాయి. మృదువుగా చెప్పండి, ఓపిగ్గా వినండి, సానుభూతి చూపండి అంటారు. తప్పేమీ లేదు. కానీ వ్యవహారం చెడేది చాలాసార్లు అక్కడ కాదు. తన చేతిలో ఏముందో, ఏం లేదో తేల్చుకోకుండానే అధ్యాపకులు మాట మొదలుపెట్టడం దగ్గర చెడుతుంది.

కొన్నిటిలో నిర్ణయం రూల్ ఎప్పుడో చేసేసింది, మీరు తెలియజేయడమే మిగిలింది. డిటెన్షన్ అలాంటిది. కొన్నిటిలో నిర్ణయం నిజంగా మీదే. అసైన్‌మెంట్ గడువు, థీసిస్ చాప్టర్ బాగుందా లేదా అన్నవి ఈ కోవలోవి. మరికొన్నిటిలో మీ పని విని, సరైన చేతికి అప్పగించడం వరకే. లైంగిక వేధింపు ఫిర్యాదు, చనిపోవాలన్న ఆలోచన ఇందులోకి వస్తాయి. మొదటి రకాన్ని రెండోదానిలా నడిపితే లేని ఆశ పెట్టినట్టే. మూడోదాన్ని అలా నడిపితే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి విద్యార్థి కుర్చీ లాక్కునే లోపే ఇది ఏ రకమో మనసులో తేలిపోవాలి.

అటెండెన్స్: లెక్క ముందు, ఓదార్పు తర్వాత

జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం, దానికి ఆధారం చూపితే అకడమిక్ కమిటీ కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) ఇవ్వవచ్చు. దానికి ఫీజు ఉంటుంది. 65 కన్నా తగ్గితే కండోనేషన్ ప్రసక్తే లేదు, ఆ సెమిస్టర్‌లో మళ్లీ చేరాల్సిందే. అటానమస్ కాలేజీ అయితే తమ రూల్ పుస్తకం ఒకసారి తీసి చూసుకోవాలి.

ఇక్కడ మాట కన్నా తేదీ ముఖ్యం. సెమిస్టర్‌లో మొత్తం 400 పీరియడ్లు అనుకుందాం. 320 అయిపోయాయి, ఒక విద్యార్థి 195కి వచ్చాడు. అంటే 61 శాతం. మిగిలిన 80కీ వచ్చినా 275 అవుతాయి, 68.75 శాతం. 75 ఇక అందదు. కానీ 65 శాతానికి కావాల్సింది 260. అంటే మిగిలిన 80లో 65కి రావాలి, 15కి మించి పోగొట్టుకోకూడదు. కండోనేషన్‌కు ఆధారాలు కూడా ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి. ఈ లెక్క ఆ రోజు కాగితం మీద వేసి చూపిస్తే కుర్రాడికి చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది. చివరి వారంలో పిలిచి ఎంత తీయగా మాట్లాడినా చేయడానికి ఏమీ ఉండదు. అందుకే సగం క్లాసులయ్యాక ఒకసారి, మూడొంతులయ్యాక ఇంకోసారి డిపార్ట్‌మెంటే లిస్టు తీసి పిలవాలి. డిటెన్షన్ సంభాషణను తేలిక చేసే ఉపాయం ఇంతకన్నా లేదు.

సెమిస్టర్ ముగిసేసరికి 65 దిగిపోయి ఉంటే, పిలిచే ముందు లెక్క సరిచూసుకోవాలి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, క్రీడల ఓడీలు (ఆన్ డ్యూటీ హాజరు) ఎక్కకపోవడం, సెక్షన్ మారినవాళ్ల హాజరు పాత సెక్షన్‌లోనే ఉండిపోవడం మామూలే. సగం మాటయ్యాక ‘సార్, నా ఓడీ కలపలేదు’ అని తేలితే ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. లెక్క నిజమేనని తేలాక ఫలితం మొదటి వాక్యంలోనే రావాలి. ‘బాబూ, నీ అటెండెన్స్ 63.2. డిటెన్షన్ లిస్టులో ఉన్నావు. దీన్ని నేను గానీ ప్రిన్సిపాల్ గారు గానీ మార్చలేం.’ అంతే. ఆ తర్వాత కనీసం పది సెకన్లు నోరు మెదపకూడదు.

ఆ పది సెకన్లే అధ్యాపకులకు భరించరానివి. ‘మొదటి రోజే చెప్పానా లేదా?’, ‘మీ నాన్న ఎంత కష్టపడి పంపిస్తున్నాడు’ అన్న మాటలన్నీ ఆ ఖాళీలోనే దూరతాయి. పుండు మీద కారం చల్లడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు. విద్యార్థికి అప్పుడు కావాల్సింది తర్వాతేంటి అన్నది. మళ్లీ ఎప్పుడు చేరాలి, మధ్యలో బ్యాక్‌లాగ్స్ రాసుకోవచ్చా, హాస్టల్ గది ఉంటుందా, ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకూ ఆఫీసులో, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ముందే జవాబు కనుక్కుని కూర్చోవాలి. ‘ఆఫీసులో అడుగు’ అని పంపితే అక్కడి క్లర్కు ఇంకెవరి దగ్గరికో పంపుతాడు.

క్లాసుకు ఎందుకు రాలేదన్న ప్రశ్న చివర్లో, నిజంగా తెలుసుకోవడానికే అడగాలి. రాత్రి రెండింటిదాకా ఫుడ్ డెలివరీ చేసి పొద్దున ఎనిమిదింటి బస్సు అందుకోలేనివాళ్లు ఉన్నారు. తల్లిని గాంధీ ఆస్పత్రిలో చేర్చి నెల రోజులు అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. రూల్ మారదు గానీ, వచ్చే సెమిస్టర్ కూడా ఇలాగే పోకుండా చూడగలిగేది ఈ జవాబు తెలిస్తేనే.

ఎప్పుడు, ఎక్కడ

ఘట్‌కేసర్, మొయినాబాద్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు కాలేజీల్లో సాయంత్రం బస్సులు కదిలే ముందు పావుగంట దేనికీ పనికిరాదు. బస్సు తప్పితే రెండు సిటీ బస్సులు మారాలి. వాళ్ల చూపు గడియారం మీదే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఇంకా చెడ్డది. హాస్టల్ సగం ఖాళీ అవుతుంది, కౌన్సెలర్ సోమవారం దాకా రారు, చెడ్డ కబురుతో పిల్ల ఒక్కతే గదిలో ఉంటుంది. సోమవారం నుంచి బుధవారం లోపు, ఉదయం పూట పిలిస్తే ఆ వారంలోనే మళ్లీ కలుసుకోవచ్చు.

చోటు గురించి చెప్పాలంటే, మన స్టాఫ్‌రూముల్లో గోడలు భుజాల ఎత్తుకు మించవు. పక్క క్యాబిన్‌లో పేపర్లు దిద్దుతున్నవారికి అంతా వినపడుతుంది, మధ్యాహ్నం టీ టైముకు ఫ్లోరంతా తెలుస్తుంది. అలాగని విద్యార్థితో తలుపు మూసుకుని కూర్చోవడమూ సరికాదు. అద్దం ఉన్న తలుపు గది, లైబ్రరీ డిస్కషన్ రూమ్, క్లాసులు లేని లేబ్ లాంటివి చూసుకోవాలి. మనుషులు కనిపించాలి, మాట వినిపించకూడదు.

రీసెర్చ్ స్కాలర్‌తో: ఐదేళ్లకూ ఆరేళ్లకూ మధ్య

డిటెన్షన్ మాట పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. గైడ్‌కీ స్కాలర్‌కీ మధ్య మాట ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. నెట్ పరీక్ష ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ మాత్రం మొత్తం ఐదేళ్లే. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్‌తో సంబంధం లేని నాన్-నెట్ ఫెలోషిప్ మీద ఉన్నవాళ్లకు వచ్చేది నెలకు 8,000. అంటే యూనివర్సిటీ గడువు ఇంకా ఉండగానే డబ్బు ఆగిపోయే కాలం ఒకటి వస్తుంది. ‘ఇంకో చాప్టర్ తిరిగి రాయాలి’ అన్న మాట సరిగ్గా ఆ కాలంలో పడితే అది అకడమిక్ వ్యాఖ్యగా వినపడదు. ఇంటి అద్దె ఎలా కట్టాలన్న ప్రశ్నగా వినపడుతుంది. నాలుగో ఏడు మొదట్లోనే ఒక కాగితం మీద మిగిలిన చాప్టర్లు, మిగిలిన ఫెలోషిప్ నెలలు పక్కపక్కన రాసుకుని మాట్లాడుకుంటే ఈ ముడి చాలావరకు విడిపోతుంది.

సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రగతి చెప్పాలన్న నిబంధన ఉన్నదే ఇందుకు. కానీ కమిటీలో ‘సంతృప్తికరం’ అని సంతకం పెట్టి, బయటికొచ్చాక ‘ఇది థీసిస్ అవదమ్మా’ అనే గైడ్‌లకు కొదవలేదు. బాగాలేదని కమిటీలో, మినిట్స్‌లో, కారణంతో సహా చెప్పడమే స్కాలర్‌కు మేలు. తర్వాత గైడ్ మార్పు కావాలన్నా, గడువు కావాలన్నా చూపించడానికి ఆ కాగితమే దిక్కు.

చాప్టర్ బాగాలేదని చెప్పేటప్పుడు ‘లోతు లేదు’, ‘ఇంకా బాగా రాయాలి’ అన్నవి వాడకూడదు. వాటితో ఇంటికెళ్లి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ‘రెండో చాప్టర్‌లో ఫలానా వాదనకు మీరిచ్చిన ఆధారం ఒక్క గ్రామానిదే, ముగింపులో మాత్రం జిల్లా అంతటికీ వర్తింపజేశారు’ అంటే చేయాల్సిన పని కనిపిస్తుంది. స్కాలర్ ‘సరే సార్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. చాలాసార్లు గదిలోంచి బయటపడటానికి దొరికిన దగ్గరి దారి అది. ‘మనం అనుకున్నది నాలుగు లైన్లలో సాయంత్రం మెయిల్ చేయండి’ అంటే ఏం అర్థమైందో, ఏం కాలేదో రాత్రికే తెలిసిపోతుంది.

కాపీ విషయంలో మాట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2018 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌లకు మెట్లు స్పష్టంగా ఉన్నాయి. పోలిక 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె తీర్పు కాదు. ఉద్ధరణలు, గ్రంథసూచి తీసేశాక ఎంతో చూడాలి. ఏఐతో రాశారా అన్న అనుమానానికైతే డిటెక్టర్ల అంకెను అసలు పట్టుకోకూడదు. సొంతంగా రాసినవాళ్లను కూడా అవి దోషులుగా చూపిస్తాయి. ‘ఇది నువ్వు రాయలేదు’ అనే బదులు ‘ఈ పేరా నాకు వివరించు, ముందు చిత్తుప్రతి చూపించు’ అని పది నిమిషాలు కూర్చోబెడితే నిజం దానంతటదే బయటపడుతుంది. పొరపాటు పడింది మీరే అయినా పరువు పోదు.

ర్యాంకు అడగొద్దు

మార్కులు తక్కువొచ్చిన విద్యార్థిని కూర్చోబెట్టి ‘ఎంసెట్‌లో ర్యాంకెంత?’ అని మొదలుపెట్టడం మన దగ్గర పరిపాటి. ఇప్పుడు పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా ప్రశ్న మారలేదు. అడిగినవారి ఉద్దేశం ఏదైనా, ఎదుటివారికి అది ‘నువ్వు ఏ కోటాలో వచ్చావు?’ అని వినపడుతుంది. ‘మీ ఇంటిపేరేంటి, మీది ఏ ఊరు’ అన్నదీ అంతే. 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణం తర్వాత కూడా ఈ ప్రశ్న అమాయకమైనదని ఈ నగరంలో ఏ అధ్యాపకుడైనా అనుకుంటే ఆశ్చర్యమే. చర్చ ఇప్పటి పేపర్ గురించి అయితే ఇప్పటి పేపర్ దగ్గరే ఉండాలి. 2012 యూజీసీ నిబంధనలు ప్రతి విద్యాసంస్థలో వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. ఆ అధికారి ఎవరో తమ అధ్యాపకుల్లో ఎందరికి తెలుసో డిపార్ట్‌మెంట్లు ఒకసారి అడిగి చూడొచ్చు.

‘ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెప్తా మేడమ్’

ఈ వాక్యానికి ‘చెప్పనమ్మా, చెప్పు’ అనడం సహజం. అదే పెద్ద పొరపాటు. తర్వాత మాట తప్పాల్సి వస్తే ఆ పిల్ల ఇక ఎవరి దగ్గరా నోరు విప్పదు. ‘నీ ప్రాణానికో ఇంకొకరి భద్రతకో సంబంధించినదైతే ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుందమ్మా. ఎవరికి చెప్తానో నీకు ముందే చెప్తా. ఆలోచించుకుని చెప్పు’ అనాలి. అలా అంటే లేచి వెళ్లిపోతారని భయపడనక్కర్లేదు. ఎక్కువమంది ఉండి చెబుతారు.

వేధింపు విషయమైతే విచారణ మీ పని కాదు. ‘ఆ టైములో అక్కడెందుకున్నావ్’ అని అడగకూడదు, అవతలి వ్యక్తిని పిలిచి రాజీ కుదర్చకూడదు. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు ఇవ్వొచ్చు. రాయలేనివారికి రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈ గడువులు చెప్పి, కమిటీ అధ్యక్షురాలి దగ్గరికి తోడుగా వెళ్తే మీ వంతు పూర్తయినట్టే. ఒక మెలిక ఉంది. ఇంటర్ అయి ఫస్టియర్‌లో చేరేవాళ్లలో 17 ఏళ్లవారు చాలామంది ఉంటారు. 18 నిండనివారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, అక్కడ విచక్షణ లేదు. అందుకే వివరాల్లోకి వెళ్లే ముందు వయసు తెలుసుకోవాలి.

చనిపోవాలన్న ఆలోచన ఉందన్న అనుమానం వస్తే నేరుగా అడగాలి: ‘చనిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ మాత్రమే. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడిగితే ‘లేవు’ అనే జవాబును మీరే అందించినట్టు. అవునంటే తర్వాతి ప్రశ్నలు: ఎలా అని ఆలోచించావా, అందుకు కావాల్సింది నీ దగ్గరుందా? ఉందంటే ఒంటరిగా వదలకూడదు. ‘కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు’ అని చీటీ ఇవ్వడం కాదు, మీరో సహోద్యోగో వెంట నడిచి వెళ్లి అప్పగించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం. విద్యార్థి ముందే ఫోన్ కలిపి ఇవ్వొచ్చు. అప్పటికే మాత్రలు మింగడం లాంటిది జరిగి ఉంటే మాటలు ఆపి 108కి చేయాలి. సైకియాట్రిస్ట్ అనగానే మన ఊళ్లో అందరికీ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రే గుర్తొస్తుంది కాబట్టి, ‘నిద్ర పట్టడానికి, ఈ భారం తగ్గడానికి డాక్టర్ ఉన్నారు’ అని పనేంటో చెప్పడం మంచిది. మర్నాడు ఫలానా టైముకు ఫోన్ చేస్తానని చెప్పి, ఆ టైముకే చేయాలి.

తల్లిదండ్రులు, యూనియన్లు

నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రి ముందు కొడుకు తప్పుల చిట్టా విప్పితే ఆయన అక్కడే చెయ్యెత్తవచ్చు. అందుకే వాళ్లు రాకముందే విద్యార్థితో ‘మీ నాన్నగారికి ఇవి చెప్తాను, ఇవి చెప్పను’ అని తేల్చుకోవాలి. హాజరు, మార్కులు చెప్పొచ్చు. ఎవరితో తిరుగుతున్నారన్నది మీకు సంబంధం లేని విషయం. ఆడపిల్లల విషయంలో ఆ ఒక్క మాటతో చదువే ఆగిపోయే ఇళ్లున్నాయి.

ఉస్మానియా లాంటి చోట ఒక్కరు కాదు, వినతిపత్రం పట్టుకుని ఇరవై మంది గదిలోకి వస్తారు. నిలబడి వాదించకుండా కూర్చోబెట్టి, ముగ్గురిని మాట్లాడమనాలి. పత్రం తీసుకుని, అందినట్టు తేదీతో సంతకం చేసి, జవాబు ఏ రోజు ఇస్తారో చెప్పాలి. విషయం మీ స్థాయిది కాకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ దారి చూపాలి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు. కాంట్రాక్ట్ అధ్యాపకులను మాత్రం ఇలాంటి గుంపు ముందు ఒంటరిగా వదలకూడదు. రెన్యువల్ భయం ఉన్నవారు ఏ హామీ అయినా ఇచ్చేస్తారు.

శిక్షణ అంటే పీపీటీ కాదు

2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఉంది. ఆడిటోరియంలో వందమందిని కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే హాజరు పట్టీ నిండుతుంది, అంతకు మించి జరగదు. నోటితో అనకుండా ఈ మాటలు రావు. ముగ్గురేసి కూర్చోవాలి: ఒకరు అధ్యాపకులు, ఒకరు విద్యార్థి, ఒకరు గమనించేవారు. ఏడు నిమిషాల సన్నివేశం, మూడు నిమిషాల చర్చ, పాత్రలు మారి మళ్లీ. గమనించేవారు ‘బాగా చేశారు’ అనకూడదు, విన్న వాక్యాలనే రాసి చదివి వినిపించాలి. తానెన్నిసార్లు ‘చూద్దాం’ అన్నారో అప్పుడు తెలుస్తుంది. తట్టుకోలేని చోట ఆపి, అదే వాక్యం దగ్గర్నుంచి తిరిగి మొదలుపెట్టాలి. రెండున్నర గంటల్లో ఒక్కొక్కరికి మూడు నాలుగు వంతులు వస్తాయి. సీనియర్ ప్రొఫెసర్లు విద్యార్థి వేషం వేయడానికి మొరాయిస్తారు. వాళ్లనే ముందు వేయించాలి.

కష్టమైన మాటయ్యాక అధ్యాపకులకూ ఊపిరి కావాలి. పేర్లు చెప్పకుండా పది నిమిషాలు మాట్లాడుకోవడానికి డిపార్ట్‌మెంట్‌లో ఒకరుండాలి, అలాంటి మాటలు ఒకే రోజు ఒకరి మీదే రెండు మూడు పడకుండా హెచ్‌ఓడీ చూడాలి. అదే రోజు ఐదారు లైన్ల నోటు రాసుకోవాలి: తేదీ, ఏం చెప్పాం, వాళ్లేం అన్నారు, తర్వాతి అడుగు ఎవరిది. అభిప్రాయాలు, ఊహలు అందులో ఉండకూడదు, అది వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు.

ఇక ప్రతి టేబుల్ అద్దం కింద ఒక కాగితం ఉండాలి. కౌన్సెలర్ ఉండే వేళలు, ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలి నంబర్, వివక్ష వ్యతిరేక అధికారి, ఇద్దరు వార్డెన్లు, స్కాలర్‌షిప్ సెక్షన్, 14416, 108, ర్యాగింగ్‌కు 1800-180-5522. సెమిస్టర్ మొదటి వారంలో ఎవరో ఒకరు క్యాంపస్ నంబర్లన్నిటికీ స్వయంగా ఫోన్ చేసి చూడాలి. కౌన్సెలర్ మానేసి ఆరు నెలలైనా పాత నంబరే అద్దం కింద ఉండిపోవడం మన దగ్గర మామూలే.